గోడవతల సానరాయి

మంగళవారం పొద్దున మా ఇంట్లో గోరుచిక్కుళ్ల దగ్గర గొడవ మొదలైంది.

పెరటి మెట్టు మీద కూర్చుని కాయలకి ఈనెలు తీస్తున్నాను. కత్తి తెగడం లేదు, కాయ నలుగుతోంది. అలవాటు కొద్దీ కత్తిని మెట్టు అంచుకేసి అటు నాలుగుసార్లు, ఇటు నాలుగుసార్లు రాశాను. పక్కింటి ఎలీసమ్మగారి మేక కంచె సందులోంచి దూరొచ్చి, మునగచెట్టు కింద రాలిన ఆకు తింటోంది. అది రోజూ వచ్చేదే.

"ఆపు," అన్నారు మా ఆయన గుమ్మంలోంచి. చేతిలో టీ గ్లాసు ఉంది.

మేకని తోలమంటున్నారనుకుని అదిలించాను.

"మేకని కాదు. కత్తిని ఆపమంటున్నా. దాని ముందు కత్తి నూరతావేంటి?"

"గోరుచిక్కుళ్లు తరగడానికండి."

"దేనికైతే ఏంటి? ఆ చప్పుడు దానికి తెలుసు."

"ఎలీసమ్మగారి మేకకి మన కూరగాయల కత్తి సంగతి తెలుసా?"

"లోపలికెళ్లి నూరుకో."

"లోపలంతా టైల్సే. దేని మీద నూరను, మీ టీ గ్లాసు మీదా?"

నవారు మంచం మీద కూర్చున్న అత్తయ్య పకపకా నవ్వింది. "దాని చెవుల్లో ఇంత దూది పెట్టి నూరుకోవే అమ్మాయ్. మనింట్లో దూదికేం తక్కువ?"

ఆయన నవ్వలేదు. నాకూ పంతం వచ్చింది. అనకూడని మాట అనేశాను.

"రోజుకి అరవై, డెబ్భై గొర్రెల్ని కోసొచ్చే మనిషికి, ఒక మేక ముందు చిక్కుళ్ల కత్తి నూరితే ఇంత బాధేంటండీ?"

ఆయన గ్లాసు కిటికీలో పెట్టేసి బయటికి వెళ్లిపోయారు. గ్లాసులో సగం టీ అలాగే ఉంది. ఇరవై ఏళ్లలో ఆయన టీ వదిలేసి వెళ్లడం నేను చూడలేదు. ఈలోపు మేక వచ్చి ఈనెలు తీసిన కాయల బుట్టలో మూతి పెట్టింది.

మా ఆయన పేరు మొహిద్దీన్ బాషా. వినుకొండ బయట, మిరపకాయలు ఆరబోసే కళ్లాలు దాటాక వచ్చే మాంసం కంపెనీలో పదహారేళ్లుగా పని. కనిగిరి వైపు నుంచి లారీల్లో గొర్రెలు వస్తాయి. వాటిని దొడ్లో ఉంచి, నీళ్లు పట్టి, పొద్దున్నే ఒక సన్నటి దారిలోంచి ఒక్కొక్కదాన్నే లోపలికి పంపుతారు. ఆ దారి చివర నాలుగు స్టాండ్లు. స్టాండు దగ్గర నిలబడేవాడే కోసే మనిషి. బిస్మిల్లా చెప్పి కత్తి వేసేది అతనే. అక్కణ్నించి లోపలికి తోలు తీసేవాళ్లు, ముక్కలు కొట్టేవాళ్లు, ప్యాకింగ్ చేసే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో సగంమంది పేర్లు ఆయనకి తెలియవు. ఆయన్ని మాత్రం అందరూ ఉస్తాద్ అంటారు.

మేము దూదేకులవాళ్లం. మామగారు దూది ఏకి పరుపులు కుట్టేవారు. స్పాంజి పరుపులొచ్చి ఆ పని పోయాక, ఈయన బజారులో మేకలు కోసే పెద్దాయన దగ్గర పనికి చేరారు. మా పెళ్లిచూపుల్లో మా నాన్న "అబ్బాయిది మేకల వ్యాపారం" అని చెప్పాడు. నేను బి.ఏ. పూర్తి చేసి ఉన్నాను, మాట అస్పష్టంగా ఉంటే ఊరుకోలేను. "అమ్మడమా, కొయ్యడమా?" అని అడిగాను. "కొయ్యడం," అన్నారు ఆయనే, తలెత్తి. ఆ ఒక్క జవాబుకే ఒప్పుకున్నాను.

ఆ బజారు ఉస్తాదు ఆయనకి కత్తి పట్టడం కన్నా ముందు నేర్పినవి వేరే ఉన్నాయి. నీళ్లు తాగించకుండా కొయ్యకూడదు. ఒకదాని ఎదుట ఇంకోదాన్ని కొయ్యకూడదు. కత్తి దాని కంట పడకూడదు, నూరే చప్పుడు దాని చెవిన పడకూడదు. ఒక్క గీతే ఉండాలి, రెండోది ఉండకూడదు. పెళ్లయిన కొత్తలో ఇవన్నీ నాకు చెప్పారు. నేను విన్నాను, మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు.

గోరుచిక్కుళ్ల గొడవ తర్వాత రెండు రోజులు మా మధ్య "ఉప్పు", "చాలు", "తాళంచెవి" తప్ప మాటల్లేవు. శుక్రవారం ఆయన తెల్లకోటు నానబెట్టబోతూ జేబులు చూశాను. నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది. కంపెనీ కాగితం. 'పని సమయంలో మాటిమాటికీ స్టాండు విడిచి గోడవతలికి వెళ్తున్నందున లైను ఆగుతున్నది. వచ్చే బుధవారం మీ పనిని పరిశీలించెదము. ఇదే పద్ధతి కొనసాగినచో తోళ్ల గదికి మార్చబడును.' కింద కొత్త మేనేజర్ శివరామకృష్ణ సంతకం.

తేదీ చూశాను. సోమవారం. గొడవకి ముందురోజు.

మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చున్నాక కాగితం పళ్లెం పక్కన పెట్టాను.

"ఏంటండీ ఇది?"

"కాగితం."

"కాగితమని నాకూ కనపడుతోంది."

"చదివావుగా మరి."

"గోడవతలికి ఎందుకెళ్తారు?"

"సానరాయి అక్కడుంది."

"రాయి స్టాండు దగ్గరికి తెచ్చుకోవచ్చుగా?"

ఆయన నా వంక చూశారు. నేను మంగళవారం నాటి మేకని గుర్తు చేసుకుని ఊరుకున్నాను.

తర్వాత మెల్లగా చెప్పారు. పది గొర్రెలకోసారి కత్తి పదును తగ్గుతుంది. మిగతా ముగ్గురూ స్టాండుకి తగిలించిన ఇనప కడ్డీకి అక్కడికక్కడే రాసుకుంటారు. ఎదురుగా, రేకు తెర అవతల, దారిలో తర్వాతి గొర్రె నిలబడి ఉంటుంది; కోత కనపడదు గానీ ఆ చప్పుడు వినపడుతుంది. ఈయన మాత్రం గోడవతలికి వెళ్లి, రాయి మీద నూరుకుని, కత్తి వీపు వెనక పెట్టుకుని వస్తారు. ఇన్నేళ్లు ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు గొర్రెల సంఖ్య పెంచారు. శివరామకృష్ణగారు ఫోన్లో టైము పెట్టి చూశారు.

"చెడ్డోడేం కాదు," అన్నారు. "లెక్క మనిషి. పక్క స్టాండు ఖాజా కూడా మొదట్లో నాతోపాటు గోడవతలికే వచ్చేవాడు. ఇప్పుడు రావట్లా. వాడికీ భయమేగా."

"మరి మీరు?"

"తోళ్ల గదికి పంపిస్తే పోతా. తోళ్లకి ఉప్పేస్తా."

మాట తేలిగ్గానే అన్నారు. అన్నం కలుపుతూనే ఉన్నారు గానీ ముద్ద చెయ్యడం లేదు. ఆ స్టాండు దగ్గర తన చెయ్యి ఉంటే గొర్రెకి బాధ తక్కువని ఆయనకి తెలుసు. అది గొప్ప కాదు, ఆయన పనిలో ఆయనకున్న నమ్మకం. దాన్ని తీసి ఉప్పు బస్తాల మధ్య పెడతామంటున్నారు.

మళ్లీ మంగళవారం వచ్చింది. కంపెనీకి సెలవు. ఆయన చెల్లెలి కొడుక్కి జ్వరమని పిడుగురాళ్ల వెళ్లారు. పరిశీలన రేపే. ఆయనతో ఆ మాట అనకుండా ఉండాల్సింది. క్షమించమని అడిగే అలవాటు మా ఇద్దరికీ లేదు. ఏదన్నా పని చేసి పెడితే సరిపోతుందనుకుంటాం.

సెలవురోజు ఆయన కత్తి ఇంట్లోనే ఉంటుంది. మెత్తటి పాత గుడ్డలో చుట్టి బీరువా పైన పెడతారు. ఉస్తాదు ఇచ్చిన కత్తి. లారీ కమాను పట్టీతో వినుకొండలో ఒక కమ్మరి కొట్టింది. రేపటికి దాన్ని నేనే పదును పెట్టి ఉంచుదామనుకున్నాను. ఈసారి తప్పు జరగకూడదని ముందు కంచె దగ్గరికి వెళ్లాను.

"ఎలీసమ్మగారూ, మీ మేకని ఒక గంట అటుపక్క కట్టేస్తారా?"

"మునగాకంతా మేసేసిందా ఏంటి?"

"కాదండీ, కత్తి నూరాలి."

ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. "దానికా? అయ్యో ప్రభువా! దాన్ని ఈస్టర్‌కి కదమ్మా అనుకున్నది!"

"దానికి కాదండీ, మీ మేక జోలికి నేను రాను. చప్పుడు వినపడకూడదంతే."

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, మేకని చెవి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్లి తలుపేసుకుంది.

అరగంట నూరాను. ఏ పని చేసినా సగంలో వదలడం నాకు చేతకాదు. మెట్టు అంచు మీద మొదలుపెట్టి, చివర్లో నీళ్లు చల్లి, రెండువైపులా సమానంగా పదును పెట్టాను. కాగితం అడ్డంగా కోసి చూశాను, తెగింది. టమాటా మీద ఆనించగానే దిగింది. తుడిచి, నూనె రాసి, గుడ్డ చుట్టి యథాస్థానంలో పెట్టాను.

నాలుగింటికి ఆయన వచ్చారు. కాళ్లు కడుక్కుని, కత్తి దించి, అలవాటు ప్రకారం బొటనవేలి గోరు అంచు మీద ఆనించి మెల్లగా లాగారు. మధ్యలో గోరు ఆగింది. మళ్లీ లాగారు. మళ్లీ ఆగింది.

"ఎవరు నూరింది?"

"నేనే. మేకని కట్టేయించే నూరానండీ."

ఆయన నా చెయ్యి పట్టుకుని నా గోటిని అంచు మీద పెట్టారు. "ఇదిగో ఇక్కడ. ఇంకొంచెం పోనియ్. ఇక్కడ." రెండుచోట్ల గోరు చిక్కుకుంది. కంటికి కనపడనంత చిన్న గంట్లు.

"కూరగాయకైతే ఇది మంచి పదునే," అన్నారు. "టమాటా తొక్క పట్టాలంటే గరుకుండాలి. గొంతు దగ్గర గరుకుండకూడదు. గంటున్న కత్తి కొయ్యదు, లాగుతుంది."

"కమ్మరి దగ్గరికి తీసుకెళ్తే?"

"కమాను ఉక్కు గట్టిది, ఈ గంట్లు నా రాయి మీద పోవు. అతనైతే రెండ్రోజులు తీసుకుంటాడు. రేపు అయిదింటికి స్టాండు."

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. కత్తిని మళ్లీ గుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నారు. నేను వంటింట్లో నిలబడి, ఆ కత్తి ముట్టుకున్న నా చేతిని ఏం చేసుకోవాలో తెలియక కడిగిన గిన్నెలే కడిగాను.

కాలేజీ నుంచి వచ్చిన మా అమ్మాయి అర్ఫా సంగతంతా విని, స్టూలు వేసుకుని అటక మీద వెతకడం మొదలుపెట్టింది. మూటలోంచి ప్లాస్టిక్ తొడుగులున్న కత్తులు ఒక్కొక్కటే కిందికి అందించింది. పసుపు పిడులు. కంపెనీ ఏడాదికి రెండు చొప్పున ఇచ్చిన కత్తులు. ఆయన వాటిని రేకుముక్కలని కొట్టిపారేసి ఎప్పుడూ వాడలేదు. చాలావరకు చుట్టాలు పట్టుకెళ్లారు. ఒకటి నేను కూరగాయలకి తీసుకున్నాను. ఆ మంగళవారం గోరుచిక్కుళ్ల దగ్గర నూరింది అదే. మూటలో ఇంకా ఎనిమిది ఉన్నాయి.

"ఒక్కోటి ఎన్ని గొర్రెలకి ఆగుతుంది నాన్నా?"

"ఈ రేకులా? ఏడో, ఎనిమిదో."

"ఎనిమిదెనిమిదులు అరవై నాలుగు. అన్నీ ఇప్పుడే నూరి పెట్టుకో. మొద్దుబారింది పక్కన పడేసి ఇంకోటి తీసుకో. గోడవతలికి వెళ్లే పనేముంది?"

"ఒక మనిషి ఎనిమిది కత్తులు పెట్టుకుని నిలబడతాడంటే? నవ్వుతారు."

"నవ్వనియ్. తోళ్ల గది కన్నా నయమేగా."

ఆయన లేచి, ఇంట్లో ఎవర్నీ ముట్టుకోనివ్వని తన పాత సానరాయి తెచ్చి తడిపారు. ఎండ ఇంకా కంచె మీదే ఉంది. ఆయన నూరుతుంటే అర్ఫా నీళ్లు చల్లింది. నేను గోటితో గంట్లు పరీక్షించాను; ఆ పని నాకు ఇచ్చారు, అదే చాలనుకున్నాను. ఒకటి రెండుసార్లు "ఇది మళ్లీ నూరాలండీ" అని వెనక్కిచ్చాను కూడా. అత్తయ్య కూర్చున్నచోటే దూదిని నూనెలో ముంచి, అయినవాటికి రాసింది.

"మీ మామ దూదేకే విల్లుకి నారి దేంతో చేసేవాళ్లో తెలుసా?" అంది నాతో. "గొర్రె పేగుతో. బజారులో కోసేవాళ్ల దగ్గరికెళ్లి తెచ్చేవాడు. ఆ పేగు చెడకుండా, నరం తెగకుండా తీసిచ్చేవాడు ఒక్కడే ఉండేవాడు. వాడే వీడి ఉస్తాదు. ఊరికే దొరికాడనుకున్నావా పని నేర్పేవాడు?"

నేను ఇరవై ఏళ్లుగా ఆ ఇంట్లో ఉన్నాను. ఆ సంగతి ఆ సాయంత్రమే విన్నాను.

కంచె అవతల్నుంచి ఎలీసమ్మగారి గొంతు వినపడింది. "అయిపోయిందా అమ్మా? ఇది నా బియ్యం డబ్బా తోసేస్తోంది!"

బుధవారం ఏం జరిగిందో ఆయన మధ్యాహ్నం ఇంటికొచ్చి చెప్పలేదు. వచ్చి పడుకున్నారు. నిద్రపోలేదు. పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక, నలుగురం భోజనానికి కూర్చున్నప్పుడు చెప్పారు. పనిరోజుల్లో ఆయన మాంసం ముట్టరు. పప్పు, మునగాకు వేపుడు చేశాను.

"నవ్వారా?" అంది అర్ఫా.

"ఖాజా నవ్వాడు. కత్తుల దుకాణం పెట్టావా ఉస్తాద్ అన్నాడు."

శివరామకృష్ణగారు పక్కనే ఫోను పట్టుకుని నిలబడ్డారట. కత్తి వెనక కత్తి మార్చుకుంటూ అరవై గొర్రెల దాకా ఈయన స్టాండు కదల్లేదు. ఆ తర్వాత ఎనిమిదో కత్తి కూడా మొద్దుబారింది. ఇంకా పది గొర్రెలున్నాయి. చేతికి అందేంత దూరంలో ఇనప కడ్డీ వేలాడుతోంది.

"రాసేశారా?" అన్నాను.

"లేదు. గోడవతలికెళ్లా."

అత్తయ్య ముద్ద ఆపేసింది. "ఆయన చూస్తుండగానే?"

"నా వెనకే వచ్చాడు. ఇక్కడేం దాస్తున్నావయ్యా అని అడిగాడు. నేనేం చెప్పను? సార్, ఒకసారి ఆ దారిలో గొర్రెలు నిలబడే చోట నిలబడి చూడండి అన్నా. మంచి బూట్లు వేసుకున్నాడు పాపం. ఆ పెంటలో అలాగే నిలబడ్డాడు."

అక్కడ నిలబడితే ఖాజా స్టాండు చప్పుడంతా వినపడుతుంది. ఖాజా కడ్డీకి కత్తి రాసినప్పుడల్లా ముందున్న గొర్రె వెనక్కి తన్నింది. దాన్ని చూసి వెనకదీ తన్నింది. ఇద్దరు మనుషులు వాటిని లాక్కురావాల్సి వచ్చింది. ఈయన స్టాండు వైపు మాత్రం అవి వాటంతటవే నడిచొచ్చాయి. శివరామకృష్ణగారు అక్కడే నిలబడి మళ్లీ టైము పెట్టారట. లైను ఆగుతున్నది ఎక్కడో ఆయనకి తెలిసింది.

"అయితే గెలిచావు!" అంది అర్ఫా.

"ఆగు. పూర్తిగా విను." ఆయన నీళ్లు తాగారు. "కడ్డీలన్నీ తీయించేస్తానన్నాడు. నాలుగు స్టాండ్లకీ తలా పదిహేను కత్తులిస్తాడు. గోడవతల గదిలో ఒక మనిషి కూర్చుని పొద్దస్తమానం నూరిపెట్టాలి. అన్నీ గంటు లేకుండా ఉండాలి. ఆ పని తెలిసింది నువ్వొక్కడివే, గదిలో కూర్చుంటావా అన్నాడు. కూర్చుంటే నా స్టాండు వేరేవాడికి. వద్దంటే స్టాండు నాదే, కడ్డీలు ఎక్కడివక్కడే. పొద్దున్నే చెప్పమన్నాడు."

ఆయన ముందున్న రెండు దారులూ నాకు సమంగానే కనపడ్డాయి. ఉంటే తన కత్తి, తన చెయ్యి, ఆ ఒక్క గీత. పోతే మిగతా మూడు స్టాండ్ల దగ్గరా గొర్రెకి కడ్డీ చప్పుడు ఉండదు. నేను సలహా చెప్పడానికి నోరు తెరిచి, మొన్న కత్తి విషయంలో నా తెలివి గుర్తొచ్చి మూసుకున్నాను.

ఆయన పళ్లెంలో చివరి ముద్ద తిని, చెయ్యి అలాగే పెట్టుకుని అన్నారు:

"రేపట్నించి నేను కొయ్యను. గదిలో కూర్చుని నూరతా. పొద్దున్నే ఆయనకి చెప్పేస్తా."

"ఇంక నిన్ను ఉస్తాద్ అని పిలవరు కదరా," అంది అత్తయ్య.

"పిలవరు," అన్నారు. తర్వాత నా వైపు తిరిగారు. "మజ్జిగ పొయ్యి. ఇంకోటి, ఇంట్లో కత్తులు కూడా ఇక నేనే నూరతా. గోరుచిక్కుళ్లదైనా సరే, నువ్వు ముట్టుకోమాక."